తాళం వేసిన ఇళ్ళను కూడా లెక్కపెట్టు

కర్నూలు,
24 ఆగస్టు 2025

చిరంజీవి సుజాతకు,
అమ్మ ఆశీస్సులు.

పాపా, కోసిగి వైపు పల్లెలో ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో, ఎవరు ఎక్కారో దిగారో సర్వే చేయడానికి నువ్వు రాసి పంపిన ప్రశ్నల కాగితం రెండుసార్లు చదివాను. కష్టపడి తయారు చేశావు. కానీ మొదటి ప్రశ్న కొట్టేసెయ్. "మీ కుటుంబం నెల ఆదాయం ఎంత?" అని అడిగితే కోసిగి వైపు పల్లెల్లో నీకు నిజం దొరకదు. నెలకింత అని చేతికి డబ్బు వచ్చే ఇళ్ళు అక్కడ తక్కువ. పత్తి అమ్మినప్పుడు కొంత, గొర్రెపిల్లలు అమ్మినప్పుడు కొంత, సుగ్గికి (పనుల కోసం వలస) పోయి తిరిగొచ్చినప్పుడు కొంత వస్తుంది. మధ్యలో నాలుగైదు నెలలు అప్పు మీద నడుస్తాయి. దాన్ని పన్నెండుతో భాగించి చెప్పమంటే ఎవరైనా ఏం చెప్తారు?

ఇంకో కారణం ఇంతకన్నా పెద్దది. బియ్యం కార్డు రావాలంటే పల్లెలో కుటుంబ ఆదాయం నెలకు 10,000 రూపాయలు, పట్టణంలో 12,000 దాటకూడదు. పొలం మాగాణి అయితే 3 ఎకరాలు, మెట్ట అయితే 10 ఎకరాల లోపల ఉండాలి. కాగితమూ పెన్నూ పట్టుకొని గడప ముందు నిలబడిన ఏ అమ్మాయైనా వాళ్ళ కంటికి సచివాలయం మనిషే. అందుకే ఎనిమిది వేలు, తొమ్మిది వేలు అని అందరూ ఒకటే అంకె చెప్తారు. దాన్ని అబద్ధం అనకు, కార్డు పోతుందన్న భయం అది. ఆ అంకెలతో పట్టిక గీస్తే ఊరంతా ఒకే మెట్టు మీద ఉన్నట్టు కనిపిస్తుంది. స్తరీకరణ గురించి, అంటే సమాజంలో ఎవరు పై మెట్టు ఎవరు కింది మెట్టు అన్నదాని గురించి రాసే కాగితంలో అంతకన్నా పెద్ద తప్పు ఉండదు.

ఆదాయానికి బదులు అప్పు గురించి అడుగు. ఎంత అప్పు ఉందని కాదు, ఎవరి దగ్గర తెచ్చారు, నూటికి ఎన్ని రూపాయల వడ్డీ అని. వడ్డీ చెప్పడానికి ఎవరూ పెద్దగా సిగ్గుపడరు, తప్పు చెప్పాల్సిన అవసరమూ ఉండదు. బ్యాంకులో పాసుపుస్తకం పెట్టి పంట రుణం తెచ్చుకొని గడువులోపల కట్టే రైతుకు 3 లక్షల దాకా ఏడాదికి 4 శాతం పడుతుంది. అదే ఊర్లో నూటికి నెలకు రెండు రూపాయల లెక్కన తెచ్చినోళ్ళకు ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలైతే 36, ఐదు రూపాయలైతే 60. కూలికి ముందే బయానా తీసుకొని, తర్వాత పనితో తీర్చే మనిషికి వడ్డీ అన్న మాటే వినపడదు, తక్కువ కూలి రూపంలో కడతాడు. ఒక ఇల్లు ఏ వడ్డీకి అప్పు పుట్టించుకోగలదో రాసిపెట్టు. సమాజం ఆ ఇంటిని ఎంత నమ్ముతుందో, ఏ మెట్టు మీద నిలబెట్టిందో ఆ ఒక్క అంకె చెప్తుంది. పొదుపు సంఘం అప్పును వేరే గడిలో రాయి. సంఘంలో పేరు ఒకరిది, ఆ డబ్బు వాడుకునేది ఇంకొకరు కావచ్చు.

ఇక పొలం. "ఎన్ని ఎకరాలు?" అని ఒక్క గడి పెట్టావు, అది చాలదు. ఎల్లెల్సీ (తుంగభద్ర దిగువ) కాలువ కింద రెండెకరాలూ, కొండ పక్క ఎర్రనేల పదెకరాలూ ఒకటి కావు. నల్లరేగడా, ఎర్రనేలా, కాలువా, బోరా, వానకు చూసేదా అని విడివిడిగా రాయాలి. బోరైతే ఎన్ని వేశారు, ఎన్ని అడుగులకు నీళ్ళు పడ్డాయి, ఎన్ని ఎండిపోయాయి అని కూడా. ఎండిన బోర్ల లెక్క చాలామటుకు ఆ ఇంటి పతనం లెక్క.

పట్టా ఎవరి పేరున ఉందన్నది ఇంకో ప్రశ్న. వన్-బీలో (పొలం యజమానుల సర్కారు జాబితాలో) పేరు ఇప్పటికీ జేజినాయనదే ఉండి, ముగ్గురు కొడుకులు మాట మీద పంచుకొని చేస్తుంటారు. సర్కారు పేదలకు అసైన్ చేసి ఇచ్చిన డీకేటీ పట్టా పొలం సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. అసైన్డు భూములు అమ్మకూడదని 1977లో చట్టం వచ్చింది. అయినా తెల్లకాగితం మీద చేతులు మారిన పొలాలు ఉంటాయి. "అమ్మారా?" అని అడిగితే నోరు విప్పరు. "ఈ ఏడు ఆ చేన్లో విత్తనం ఎవరు వేశారు?" అని అడుగు, జవాబు దానంతటదే వస్తుంది. కోరుకు చేస్తున్నారా, గుత్తకు చేస్తున్నారా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. కోరు అయితే పంటలో పాలు, నష్టం ఇద్దరిదీ. గుత్త అయితే వాన పడినా పడకపోయినా ముందు చెప్పిన డబ్బు కట్టాల్సిందే, నష్టమంతా చేసేవాడి మీదే. కౌలుదార్లకు కార్డు ఇవ్వడానికి 2019లో రాష్ట్రం చట్టం చేసింది గానీ, దానికి పొలం యజమాని ఒప్పుకొని సంతకం పెట్టాలి. చాలామంది పెట్టరు. మూడెకరాలు సొంతం, పన్నెండెకరాలు గుత్త ఉన్న మనిషి ప్రభుత్వ కాగితంలో చిన్న రైతు. ఆదోనిలోనో బెంగళూరులోనో ఉంటూ ఆ పన్నెండెకరాలు ఇచ్చినాయన కూడా కాగితంలో రైతే. నీ పట్టికలో వాళ్ళిద్దరూ ఒకే గడిలో పడ్డారంటే తప్పు నీది కాదు, గడిది. గడి మార్చు.

ఆ గడులు ఎక్కడ పుట్టాయో కూడా ఒక పేజీ రాయి. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాక, 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలం పొలమూ కొలిపించి శిస్తు కట్టించాడు. మనం పుస్తకాల్లో చదివే రైతువారీ పద్ధతికి ఈ సీమ కూడా ఒక ప్రయోగశాల. సర్కారుకూ రైతుకూ మధ్య జమీందారు లేకుండా చేసింది కాబట్టి దాన్ని మంచి పద్ధతిగా చెప్తారు. నేనూ కాదనను. కానీ ఆ లెక్కలో పొలం శిస్తు కట్టేవాడి పేరు ఎక్కింది గానీ, ఆ పొలంలో తరతరాలుగా జీతానికి ఉన్నవాడి పేరు ఎక్కలేదు. ఊరికి చాకిరీ చేసినోళ్ళకు చిన్న చిన్న సర్వీసు ఇనాములు (చాకిరీకి బదులు ఇచ్చిన పొలాలు) మిగిలాయి. కోసిగి ఉన్న ఆదోని తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలోనే ఉండేది కాబట్టి పాత రికార్డు వెదికేటప్పుడు కర్నూలు జిల్లా పుస్తకాల్లో చూస్తూ కూర్చోవద్దు, బళ్ళారి జిల్లా గెజెటీరు తియ్యి. నువ్వు వినే గేరి (వీధి), సుగ్గి అన్న మాటలు కూడా అటునుంచి వచ్చినవే.

తాతల తరం వృత్తి అడిగేటప్పుడు కరణం, మునసబు, తలారి, నీరుగంటి, వెట్టి అన్న పేర్లు వస్తాయి. వాటిని "ప్రభుత్వ ఉద్యోగం" అన్న గడిలో వేయకు. అవి పుట్టుకతో వచ్చిన పదవులు. కరణం, మునసబుల వ్యవస్థను 1984 జనవరిలో రద్దు చేసేదాకా ఊర్లో పొలం లెక్క ఎవరి చేతిలో ఉంటే ఊరు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. రద్దయిన తర్వాత ఆ ఇళ్ళ పిల్లలు ఏమయ్యారో తప్పకుండా చూడు. అధికారం పోయినా అక్షరం మిగిలిన ఇల్లు ఎక్కడికి చేరిందో, పొలం మిగిలి అక్షరం లేని ఇల్లు ఎక్కడికి చేరిందో పక్కపక్కన పెట్టి చూడాలి. సమాజ శాస్త్రవేత్త మాక్స్ వెబర్ వర్గం వేరు, హోదా వేరు, అధికారం వేరు అని ఎందుకు విడదీశాడో నీకు అక్కడ అర్థమవుతుంది. ఒక దాంట్లో దిగినవాళ్ళు ఇంకో దాంట్లో నిలబడగలరు. మన పల్లెల మీద రాసిన ఎం.ఎన్. శ్రీనివాస్ చెప్పిన ప్రాబల్య కులం (ఊరి మీద పట్టున్న కులం) కూడా అంతే. తలల సంఖ్య, పొలం, చదువు, ఉద్యోగాలు, ఊరి పంచాయితీలో మాట, ఇవన్నీ ఒకే చోట చేరినప్పుడే దానికి బలం. నీ ఊర్లో అవన్నీ ఒకే కులం దగ్గర ఉన్నాయా, చెదిరిపోయాయా అన్నది ఊహించి రాయకు, ఒక్కోటీ విడిగా చూసి రాయి.

కులం గడి గురించి. నువ్వు "ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ" అని నాలుగు టిక్కులు పెట్టావు. ఆ టిక్కులు తీసేసి ఖాళీ గీత పెట్టు. వాళ్ళు ఏ పేరు చెప్తే ఆ పేరే రాయి. బోయ అంటే బోయ, వాల్మీకి అంటే వాల్మీకి. కురుబ, మాల, మాదిగ, సుగాలి, దూదేకుల, ఉప్పర, కుర్ని, ఈడిగ, ఏదైనా వాళ్ళ నోటి మాట. గుంపులుగా చేర్చడం తర్వాత ఇంట్లో కూర్చొని చేసుకోవచ్చు, ముందే చేర్చేస్తే మళ్ళీ విడదీయలేవు. బీసీలో ఏ గ్రూపుకు 7 శాతం, బీకి 10, సీకి 1, డీకి 7, ఈకి 4. బోయలు ఏలో, కురుబలు బీలో ఉన్నారు. రెండింటినీ కలిపి "బీసీ" అంటే ఇద్దరి కథా పోతుంది. ఎస్సీల్లోనూ ఈ ఏడాది నుంచి మూడు గ్రూపులు: 1 శాతం, 6.5, 7.5. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చేయొచ్చని చెప్పాక వచ్చిన మార్పు అది.

ఇంకో సంగతి నీ ఊర్లోనే కంటికి కనిపిస్తుంది. తుంగభద్ర దాటితే కర్ణాటక. ఇక్కడ బీసీ-ఏలో ఉన్న బోయల చుట్టాలు అక్కడ నాయక పేరుతో ఎస్టీలు. ఇక్కడ ఎస్టీలైన సుగాలీల చుట్టాలు అక్కడ లంబాణీ పేరుతో ఎస్సీలు. ఇచ్చిపుచ్చుకోవడాలు రెండు ఒడ్లకూ ఉన్నా సర్టిఫికెట్టు మాత్రం ఒక ఒడ్డుదే. కులం అన్నది ఊరి సంగతి, గ్రూపు అన్నది సర్కారు సంగతి అని నీ కాగితంలో మొదటి పేజీలోనే తేల్చి చెప్పు. ఆ రెండూ కలిపేసినవాళ్ళ వాదనలు వింటూనే ఉన్నాం కదా. 1931 తర్వాత దేశమంతటా అన్ని కులాలనూ జనగణనలో లెక్కపెట్టింది లేదు. రాబోయే జనగణనలో లెక్కిస్తామని ఈ ఏప్రిల్ 30న కేంద్రం చెప్పింది. అది వచ్చేదాకా ఊరి స్థాయిలో నీలాంటి పిల్లలు జాగ్రత్తగా రాసిన కాగితాలకు విలువ ఉంది. అందుకే ఇంత చెప్తున్నాను.

"మీ ఊర్లో అంటరానితనం ఉందా?" అన్న ప్రశ్న కూడా వద్దు. ఊర్లో లేదంటారు, ఎస్సీ కాలనీలో ఉందంటారు, నీకు రెండు అభిప్రాయాలు మిగులుతాయి. జరిగిన పని గురించి అడుగు. చివరిసారి కాలనీలో పెండ్లికి పోయారా, పోతే అక్కడ అన్నం తిన్నారా, వంట ఎవరు చేశారు. మీ ఇంటి పెండ్లికి వాళ్ళు వచ్చారా, ఏ బంతిలో కూర్చున్నారు, ముందా చివరా. చేన్లో కూలోళ్ళకు నీళ్ళు ఎట్లా ఇస్తారు. హోటల్లో ఏ గ్లాసు. గుళ్ళో ఎక్కడిదాకా. అంబేద్కర్ చెప్పింది మరిచిపోవద్దు, ఇక్కడ అసమానత మెట్లు మెట్లుగా ఉంటుంది, ప్రతి మెట్టూ తన కింద ఇంకో మెట్టును చూసుకుంటుంది. కాబట్టి పైనున్నోళ్ళనూ అడుగు, కింది మెట్లమీదున్న రెండు కులాలు ఒకరింట్లో ఒకరు తింటారా అని కూడా అడుగు. ఈ రెండో ప్రశ్న చాలామంది వదిలేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి, గతిశీలత, అంటే తరం మారితే మెట్టు మారడం. "మీరు మీ నాయన కంటే బాగున్నారా?" అని అడగాలనుకున్నావు. ఎవరైనా బాగున్నామనే అంటారు, నిజమే కూడా. అప్పుడు జొన్న సంగటి, ఇప్పుడు బియ్యం. అప్పుడు మట్టి మిద్దె, ఇప్పుడు స్లాబు. అది ఊరంతా లేచిన లేవడం. కుంటలో నీళ్ళు పెరిగితే అన్ని తామరలూ లేస్తాయి, ఏదీ దేన్నీ దాటదు. మన పెద్దవాళ్ళు ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారే, నువ్వు పరీక్షించాల్సింది ఆ మాటను. నిజంగా అవుతున్నాయా, ఎన్ని, ఎవరివి?

దానికి ప్రతి మనిషికీ రెండు వృత్తులు కావాలి, తనదీ నాయనదీ. నాయన వృత్తి ఏ వయసులో అన్నది ముఖ్యం. "మీకు పదిహేనేళ్ళప్పుడు మీ నాయన ఏం పని చేసేవాడు?" అని అడగాలి. ఇప్పుడు ఏం చేస్తున్నాడని అడిగితే ముసలాయన ఏం చేస్తాడు, ఇంట్లో కూర్చుంటాడు. జవాబు చెప్పే మనిషి వయసు 30కీ 50కీ మధ్య ఉండేలా చూసుకో. ఇరవై రెండేళ్ళ పిల్లవాడు ఈరోజు ఆటో తోలుతుంటాడు, రేపు కానిస్టేబులు కావచ్చు. ఏడాది గుర్తు లేకపోతే అందరికీ తెలిసిన గుర్తు వాడు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద కర్నూలును ముంచింది, ఆ వరదకు ముందా తర్వాతా అంటే ఎవరైనా చెప్తారు. ఇంకా వెనక్కైతే కరణాలు పోయిన ఏడు.

"వ్యవసాయం" అని ఎవరు చెప్పినా అక్కడ ఆగొద్దు. సొంతమా, కోరా, గుత్తా, జీతమా, కూలా? "ప్రైవేటు జాబు" అన్నా అంతే. పీఎఫ్ పడుతుందా, జీతం నెలకా రోజుకా, మానేస్తే ఎవరికి చెప్పాలి? "బెంగళూరులో బేల్దారి పని" అంటే మేస్త్రీయా, సిమెంటు గమేళా మోసేవాడా? ఆటో సొంతమా, బాడుగా? ఈ చిన్న ప్రశ్నల్లోనే వర్గం బయటపడుతుంది. చివరికి ఏడెనిమిది గడులకు మించనివ్వకు. 80 ఇళ్ళ లెక్కలో ఇరవై గడులు పెడితే ఒక్కో గడిలో ముగ్గురు నలుగురు మిగులుతారు, వాళ్ళతో ఏమీ చెప్పలేవు.

ఆడవాళ్ళ గడిలో "గృహిణి" అని ముందే అచ్చు వేయించావు. తీసేయి తల్లీ. ఏడాదిలో ఎన్ని దినాలు కూలికి పోయారు, ఎవరి చేన్లో, గొర్రెలు ఎవరు చూస్తారు, ఉపాధి పని కార్డులో పేరుందా అని అడుగు. మగవాళ్ళను వాళ్ళ నాయనతో పోల్చినట్టే ఆడవాళ్ళను వాళ్ళ అమ్మతోనూ పోల్చు, పెండ్లికి ముందు ఇంటితోనూ పోల్చు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెండ్లి కాని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమైన హక్కు ఉంది, దేశమంతా రావడానికి 2005 దాకా పట్టింది. ఇంత ముందుగా చట్టం వచ్చిన చోట నిజంగా ఎంతమంది చెల్లెళ్ళకు, అక్కలకు పొలంలో పాలు వచ్చింది, ఎంతమంది సంతకం పెట్టి వదులుకున్నారు? ఆ ఒక్క ప్రశ్నకే నీ కాగితం నిలబడుతుంది.

పట్టిక ఎట్లా చదవాలో చెప్తాను. ఇవి లెక్క నేర్చుకోవడానికి ఊరికే తీసుకున్న అంకెలు, ఏ ఊరివీ కావు. కూలి చేసిన నాయనల కొడుకులు 100 మంది, పొలం ఉన్న నాయనల కొడుకులు 100 మంది అనుకో. పాత తరంలో కూలోళ్ళ కొడుకుల్లో 2 మందికి నెలజీతం ఉద్యోగం వచ్చింది, రైతుల కొడుకుల్లో 11 మందికి. కొత్త తరంలో కూలోళ్ళ కొడుకుల్లో 10 మందికి, రైతుల కొడుకుల్లో 40 మందికి. పైపైన చూస్తే కూలోళ్ళ పిల్లలు ఐదింతలు పెరిగారు, పేపరుకు మంచి వార్త. ఇప్పుడు ఆడ్స్ రేషియో కట్టు, అంటే వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ ఉన్న నిష్పత్తి ఒక గుంపులో ఇంకో గుంపు కంటే ఎన్ని రెట్లో చూడు. కొత్త తరంలో రైతు కొడుకుల్లో వచ్చినవాళ్ళు 40, రానివాళ్ళు 60. కూలోళ్ళ కొడుకుల్లో 10, 90. 40ని 90తో గుణించి, 60ని 10తో గుణించి వచ్చిన దాంతో భాగిస్తే 6. పాత తరానికి 11ని 98తో గుణించి, 89ని 2తో గుణించి వచ్చిన దాంతో భాగిస్తే 6కు కాస్త పైన. అంటే ఉద్యోగాలు పెరిగాయి, అందరూ లేచారు, ఇద్దరి మధ్య దూరం మాత్రం కదల్లేదు. రెండు మాటలూ నిజమే, రెండూ రాయాలి. ఒక్కటే రాస్తే సగం ఊరికి అన్యాయం చేసినట్టు. అన్నట్టు, శాతాలు తీసి ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే (40 మైనస్ 10, 11 మైనస్ 2) దూరం పెరిగినట్టు కనిపిస్తుంది. నీ పరీక్షకుడు అదే అడుగుతాడు. ఏ కొలత ఎందుకు వాడావో ముందే రాసిపెట్టుకో.

పేద ఇల్లు సగటు ఆదాయానికి చేరడానికి భారతదేశంలో ఏడు తరాలు, డెన్మార్కులో రెండు తరాలు పడుతుందని 2018లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ ఆర్థిక సంస్థ లెక్క కట్టింది. ముందుమాటలో ఒక వాక్యంగా వాడుకో, అంతే. తండ్రీకొడుకుల సంపాదన మధ్య బంధాన్ని ముందుకు సాగదీసి కట్టిన లెక్క అది, నీ ఊరి గురించి ఏమీ చెప్పదు.

లెక్క ఎంత బాగా కట్టినా, మనుషులే లేకపోతే ఏం చేస్తావు? నువ్వు సంక్రాంతి సెలవుల్లో పోతానన్నావు. వద్దు. దీపావళి నుంచి పత్తి తీతకు, సంక్రాంతి దాటాక గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతకు ఇళ్ళకు ఇళ్ళు తాళాలు వేసి, పిల్లలతో సహా పోతారు. ఉగాదికి తిరిగొస్తారు. జనవరిలో పోతే నీకు కనిపించేది పొలం ఉన్నవాళ్ళు, జీతం ఉన్నవాళ్ళు, ముసలివాళ్ళు. తాళం వేసిన ఇంటి ముందు నిలబడి "ఇంట్లో లేరు" అని రాసి పక్కింటికి పోతావు. పక్కింటిని బదులు తీసుకున్న ప్రతిసారీ ఊరు నీ కాగితంలో కొంచెం కొంచెం డబ్బున్న ఊరైపోతుంది. తాళం వేసిన ఇల్లే నువ్వు వెతుకుతున్న వర్గం.

పైకి పోయినవాళ్ళదీ అదే కథ. ఉద్యోగం వచ్చినవాడు కర్నూలులోనో హైదరాబాదులోనో ఇల్లు కట్టుకున్నాడు. అందరికన్నా కింద ఉన్నవాళ్ళూ ఊర్లో లేరు, అందరికన్నా ఎక్కువ ఎక్కినవాళ్ళూ లేరు. ఉన్నవాళ్ళనే అడిగితే "ఈ ఊర్లో ఏమీ మారలేదు" అని తేలుతుంది. అందుకని అడగాల్సింది ఇంటి యజమాని గురించి కాదు, అతని నాయన పిల్లలందరి గురించి. "మీ నాయనకు ఎంతమంది పిల్లలు? ఒక్కొక్కరు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు?" నలుగురు అన్నదమ్ములుంటే నాలుగు వరుసలు నింపు, అక్కచెల్లెళ్ళకు వేరే వరుసలు. పాత ఓటర్ల జాబితా దొరికితే దాంతో ఇల్లిల్లూ సరిచూడు, ఏ ఇల్లు మాయమైందో తెలుస్తుంది.

కాబట్టి సెప్టెంబరులో ఒకసారి పోయి అన్ని ఇళ్ళ జాబితా రాసుకో, గేరి గేరికీ విడిగా. దసరాకూ దీపావళికీ మధ్య అసలు సర్వే చెయ్యి. మిగిలినవి వచ్చే మార్చిలో ఉగాదికి. ఊర్లో 360 ఇళ్ళు, ఎస్సీ కాలనీలో 60 ఉన్నాయనుకో. అన్నిట్లోంచీ ఒకే లెక్కన తీస్తే కాలనీ నుంచి పదకొండు పన్నెండు ఇళ్ళే వస్తాయి, వాటితో ఏం చెప్తావు? ఊర్లోంచి 60, కాలనీ నుంచి 20 తీసుకో. ఊరి మొత్తం లెక్క కట్టేటప్పుడు మాత్రం ఊరి ఇంటిని ఆరుగానూ కాలనీ ఇంటిని మూడుగానూ లెక్కపెట్టాలి. ఇది మరిచిపోతే ఏడింట ఒక వంతు ఉన్న కాలనీ నాలుగింట ఒక వంతుగా కనిపిస్తుంది.

ఎవరు ఎందుకు ఎక్కారు, ఎందుకు దిగారు అన్నదానికి పేదరికం మీద పరిశోధన చేసిన అనిరుధ్ కృష్ణ వాడిన పద్ధతి తీసుకో, మన రాష్ట్రంలోనూ చేశాడు. పెద్దవాళ్ళను పది మందిని కూర్చోబెట్టి (ఆడవాళ్ళను వేరుగా, కాలనీ వాళ్ళను వేరుగా) ఒకటే అడగాలి: ఏమీ లేని ఇంటికి కొంచెం చేతిలో డబ్బు ఆడితే ముందు ఏం చేస్తారు, ఆ తర్వాత ఏం చేస్తారు? కడుపుకు తిండి, పిల్లల బడి, పాత బాకీ, ఇంటి కప్పు, ఇట్లా వాళ్ళే మెట్లు చెప్తారు. ఏ మెట్టు దాటితే పేద ఇల్లు కాదో కూడా వాళ్ళనే చెప్పనివ్వు. తర్వాత ఒక్కో ఇల్లు వరదకు ముందు ఎక్కడుంది, ఇప్పుడెక్కడుంది? నాలుగు రకాలు వస్తాయి: అప్పుడూ పేద ఇప్పుడూ పేద, పేదరికం దాటింది, కొత్తగా పేదైంది, అప్పుడూ ఇప్పుడూ బాగుంది. ఎక్కినవీ దిగినవీ ఒకే ఊర్లో ఒకే సమయంలో ఉంటాయి. కృష్ణ తిరిగిన చోట్ల దిగడానికి పెద్ద కారణం జబ్బు, ఆసుపత్రి ఖర్చు. మన వైపు ఎండిన బోరు కూడా వస్తుందని నా అంచనా. పెండ్లి ఖర్చు, కట్నం గురించి ఎవరూ చెప్పరు, నువ్వే మెల్లగా అడగాలి.

ఎక్కిన ఇంట్లో మాత్రం "ఎవరు చెప్పారు?" అని తప్పకుండా అడుగు. ఆ గురుకులం పరీక్ష ఉందని, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతో సీటు వస్తుందని, బెంగళూరులో పని ఉందని మొదట చెప్పింది ఎవరు? దగ్గర చుట్టాలు చెప్పే సంగతులు మనకు ముందే తెలిసినవై ఉంటాయి, కొత్త సంగతి కొంచెం దూరపు పరిచయం నుంచి వస్తుందని గ్రానోవెటర్ అనే సమాజ శాస్త్రవేత్త 1973లోనే చూపించాడు. నీ ఊర్లో ఆ దూరపు పరిచయం అయ్యవారా, హాస్టల్ వార్డెనా, మేస్త్రీయా అన్నది తెలిస్తే, అది ఏ గేరి దాకా వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో గీసి చూపొచ్చు. బడి మానేసిన పిల్లల దగ్గర తరగతి ఒక్కటే కాదు, నెల కూడా అడుగు. డిసెంబరు, జనవరి అని ఎక్కువమంది చెప్తే కారణం నీకు తెలిసినట్టే.

చివరగా నువ్వు కూర్చునే చోటు. మొదటి రోజు సర్పంచు ఇంట్లో దిగి టీ తాగితే ఆ తర్వాత కాలనీలో నువ్వు సర్పంచు తరఫు మనిషివి. మొదట కాలనీలో కూర్చో, ఇచ్చిన నీళ్ళు తాగు. బడి అయ్యవారిని వెంటబెట్టుకొని తిరగొద్దు. "మీరేమిటోళ్ళు?" అని నిన్నూ అడుగుతారు, తడుముకోకుండా నిజం చెప్పు. ఇది పథకం కోసం కాదు, దీనివల్ల ఏమీ రాదు, ఏమీ పోదు అని ప్రతి ఇంట్లో చెప్పు, చెప్పానని గుర్తు పెట్టుకో. కాగితం మీద పేరు రాయకు, నంబరు రాయి. పేర్ల జాబితా వేరే పుస్తకంలో, వేరే సంచిలో ఉండాలి. వడ్డీ ఎవరికి కడుతున్నారో, డీకేటీ చేను ఎవరు చేస్తున్నారో రాసిన కాగితం పొరపాటున ఎవరి చేతిలోనైనా పడితే నీకేమీ కాదు, చెప్పినవాళ్ళకు కూలి పోతుంది.

ముందు ఐదు ఇళ్ళలో ఈ కొత్త ప్రశ్నలు అడిగి చూడు: ఊర్లో మూడు, కాలనీలో రెండు. ఒక్కో ఇంటికి గంటకు మించితే ప్రశ్నలు తగ్గించాలి, పొలం పని ఉన్నోళ్ళను అంతకన్నా కూర్చోబెట్టకూడదు. నింపిన కాగితాలు దసరాకు ఇంటికొచ్చేటప్పుడు తీసుకురా, ఇద్దరం కూర్చొని గడులు సరిచేద్దాం. ఇళ్ళ జాబితా మాత్రం దానికి ముందే పంపు, ఏ గేరిలో ఎన్ని తాళాలున్నాయో దాంట్లో రాసి.

అమ్మ